వాకీటాకీ బాడీ: మురికి వేరు, మెరుపు వేరు

మేడారం జాతర ముగిసి వాకీటాకీలు తిరిగొచ్చేసరికి ఆ నాలుగు రోజులూ వాటి మీద పేరుకుని ఉంటాయి. స్పీకర్ జాలీలో ఎర్రదుబ్బ, బటన్ల సందుల్లో పసుపు, బెల్ట్ క్లిప్ దగ్గర అంటుకుపోయిన బెల్లం, మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ బటన్ చుట్టూ చెమట జిడ్డు. తుడవమని ఎవరికైనా అప్పగిస్తే మొదట వెతికేది థిన్నర్. అది లేకుంటే పెట్రోలు, అదీ లేకుంటే శానిటైజర్. చివర్లో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి రుద్దితే సెట్టు నల్లగా నిగనిగలాడుతుంది, ఇక పని అయిపోయిందనుకుంటారు. కొన్ని రోజులకు బ్యాటరీ లాక్ దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపిస్తే ‘ఎవరో కింద పడేశారు’ అని తేల్చేస్తారు.

చాలాసార్లు ఎవరూ పడేసి ఉండరు. ఆ పగులు తుడిచిన రోజునే మొదలై ఉంటుంది. సెట్టు మీది మురికి తీయడం ఒక పని, సెట్టును మెరిపించడం ఇంకో పని. మొదటిది తప్పకుండా చేయాలి. రెండోది చాలా సెట్లకు అక్కర్లేదు, పైగా కీడు చేస్తుంది. ఈ రెండూ కలిపేసి చూడటం వల్లే మంచి సెట్లు పాడవుతున్నాయి.

ముందు ఆ ప్లాస్టిక్ ఏమిటో చూద్దాం. గట్టి వాడకానికి చేసిన చేతి సెట్ల బాడీని ఎక్కువగా పాలీకార్బొనేట్‌తో గానీ, పాలీకార్బొనేట్‌లో ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ కలిపిన మిశ్రమంతో గానీ పోస్తారు. దెబ్బకు తట్టుకోవడంలో దీనికి మంచి పేరుంది. నడుము ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద పడినా సాధారణంగా పగలదు. అయితే దీనికి ఒక బలహీనత ఉంది. వేడిగా కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూకి గబగబా చల్లారుతుంది కాబట్టి మూలల్లో, స్క్రూ గుంతల చుట్టూ, క్లిప్ జారే గాడిలో, బ్యాటరీ లాక్ దగ్గర లోపల్లోపల లాగుడు మిగిలిపోతుంది. స్క్రూ బిగించినప్పుడు, క్లిప్ తగిలించినప్పుడు ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. బయటికి ఏమీ కనిపించదు.

అలాంటి చోట థిన్నరో, పెట్రోలో, గోళ్ల రంగు తీసే అసిటోనో తగిలితే అది ప్లాస్టిక్‌లోని అణువుల గొలుసుల మధ్యకు చొచ్చుకుపోయి వాటి పట్టును సడలిస్తుంది. అసిటోన్ అయితే ఏబీఎస్‌ను అక్కడికక్కడే మెత్తబరిచి తెల్లగా చేస్తుంది కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. మిగతావి చాలాసార్లు అలా బయటపడవు. తుడిచినప్పుడు బాడీ చక్కగానే ఉంటుంది, లోపలి లాగుడు ఆ బలహీనపడ్డ చోటును మెల్లమెల్లగా చీలుస్తుంది. గంటలు పట్టవచ్చు, రోజులు పట్టవచ్చు. అందుకే పగులుకూ తుడిచిన ద్రవానికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు. వంటనూనెలు, కొవ్వులు కూడా ఏబీఎస్‌కు ఇదే పని చేయగలవు. కాబట్టి ఆఖరున వేసే ఆ కొబ్బరినూనె చుక్క కూడా అనుకున్నంత అమాయకమైనది కాదు. మేడారం చుట్టూ ఉన్న తాడ్వాయి అడవిలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. దోమల మందుల్లో వాడే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఒంటికి రాసుకున్న చేయి కడుక్కోకుండా సెట్టు పట్టుకుంటే వేలిముద్రలు బాడీలోకే దిగిపోతాయి.

పెట్రోలు, కిరోసిన్, తుప్పు వదిలించే స్ప్రేలు ఇంకో నష్టం కూడా చేస్తాయి. బటన్ల కింద, జాక్ మూతల చుట్టూ ఉండేది సాధారణంగా సిలికోన్ రబ్బరు. పెట్రోలు తగిలితే అది ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు తన గాడిలో సరిగ్గా కూర్చోదు. బయట నుంచి చూస్తే సెట్టు తళతళలాడుతుంటుంది, వానలో మాత్రం నీళ్లు లోపలికి పోతాయి.

మరి దేనితో తుడవాలి? ఈ విషయంలో తయారీదారుల మాట చాలా సాదాగా ఉంది. మోటరోలా సర్వీసు మాన్యువళ్లలో బయటి భాగాలకు చెప్పింది గిన్నెలు కడిగే తేలికపాటి లిక్విడ్ అర శాతం కలిపిన నీళ్లు. అంటే లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచాడు. లోపలి భాగాలకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు. ఘాటైన రసాయనాలు, స్ప్రేలు, వాటి ఆవిర్లు కూడా కొన్ని ప్లాస్టిక్‌లకు హాని చేస్తాయని అక్కడే హెచ్చరిక ఉంటుంది. కరోనా తర్వాత బయటి భాగాలకు కూడా 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డ వాడటం మామూలైంది. గుడ్డకు తడిపి తుడిస్తే పర్వాలేదు, బాడీని అందులో నానబెట్టకూడదు. మార్కెట్లో దొరికే చేతి శానిటైజర్ మాత్రం దీనికి బదులు కాదు. అందులో గ్లిజరిన్, సువాసన, జెల్ కలిసి ఉంటాయి. ఆల్కహాలు ఎగిరిపోయాక అవి సందుల్లో మిగిలి కొత్త దుమ్మును పట్టుకుంటాయి.

లిక్విడ్ అన్నచోట సబ్బు బిళ్లను గానీ, బట్టలు ఉతికే పొడిని గానీ పెట్టుకోవద్దు. గిన్నెల బిళ్లలో తోమడానికి ఖనిజపు పొడి కలుపుతారు, అది గీతలు పెడుతుంది. బట్టల పొడిలో సోడా ఉంటుంది. పాలీకార్బొనేట్‌కు క్షారం పడదు.

ఇంతవరకు ద్రవం గురించి. కానీ ఏ మురికి దేనికి లొంగుతుందో తెలియకపోతే మంచి ద్రవం కూడా పనిచేయదు. మన ప్రాంతపు మురికిలో ఈ తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మేడారం బెల్లాన్నే తీసుకోండి. నిలువెత్తు ‘బంగారం’ అంటూ బెల్లం తూచి సమ్మక్క, సారలమ్మ తల్లులకు సమర్పించే చోట గాలిలోనే బెల్లం వాసన ఉంటుంది, ఇక చేతులకూ సెట్లకూ అంటకుండా ఉండదు. బెల్లం నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఆల్కహాలులో కరగడానికి మొరాయిస్తుంది. ఆల్కహాలు గుడ్డతో ఎంత రుద్దినా అది పలచబడి పరుచుకుంటుందే తప్ప పోదు. పైగా ఎండిన బెల్లంలో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. గోటితో గీకితే ఆ ఇసుక బాడీ మీద గీతలు గీస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను దాని మీద పది నిమిషాలు పరిచి ఉంచితే చాలు, దానంతటదే జారిపోతుంది.

పసుపు దీనికి పూర్తిగా ఎదురు. జాతరలోనూ, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర బండారి (పసుపు) చల్లేటప్పుడూ సెట్టు మీద పడే పసుపులోని రంగు పదార్థం కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. నల్ల బాడీ మీద ఈ మరక అంతగా కనబడదు గానీ తెల్ల అక్షరాల మీద, బూడిద రంగు బటన్ల మీద పట్టుకుంటే వదలదు. సోడా నీళ్లతో తుడిస్తే అది ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ రంగు వచ్చే ఇంటింటి ముచ్చటే ఇది, మరక పోవడం కాదు. ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో మెల్లగా తీసి, మిగిలిన లేత పసుపును వెలుతురుకు వదిలేయడం మంచిది. కర్‌క్యుమిన్ ఎండకు నిలవదు. అయితే ఎండలో పెట్టేది బ్యాటరీ విప్పిన సెట్టునే, అది కూడా పొద్దుటి లేత ఎండలోనే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజనులో తిరిగే సెట్టుకు పట్టేది ఎర్రటి జిడ్డు. మిర్చి రంగు, ఘాటు రెండూ నూనెలో కరిగే పదార్థాలు, ఉత్త నీళ్లకు కదలవు. సబ్బు నీళ్లకు వస్తాయి. దీంట్లో జాగ్రత్త పడాల్సింది సెట్టు గురించి కన్నా మనిషి గురించే. జాలీలోకి నోటితో ఊదితే ఆ పొడి తిరిగి కళ్లలోకే వస్తుంది.

భూపాలపల్లి, గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్టు గనుల్లో పట్టే బొగ్గు దుమ్ములో బొగ్గు మెత్తనిదే గానీ, దాంతోపాటు గట్టి రాతి పొడి కలిసి వస్తుంది. దాన్ని పొడి గుడ్డతో రుద్దడమే అసలు తప్పు. ముందు మెత్తటి బ్రష్షుతో దులిపి, తర్వాతే తడి గుడ్డ. కాజీపేట లాంటి జంక్షన్‌లో లోకో పైలట్ల, ట్రైన్ మేనేజర్ల (ఇదివరకటి గార్డుల) చేతుల్లో ఉండే సెట్లకు మరో చిక్కుంది. చక్రాల దగ్గర బ్రేకులు అరిగి లేచే పొడిలో ఇనుము ఉంటుంది, స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. ఆ ఇనుప పొడి జాలీ దగ్గర గుమిగూడి కడిగినా పోదు. సెల్లోటేపు ముక్కను జాలీ మీద అద్ది లేపుతూ పోతే కొద్దికొద్దిగా వచ్చేస్తుంది.

గాలి కొట్టించడం చాలామంది చేసే పని. పంక్చర్ షాపు గాలి స్పీకర్ జాలీ వెనుక ఉండే పలుచటి పొరను చింపేయగలదు, బయట ఉన్న దుమ్మును లోపలికి నెట్టగలదు. మైకు రంధ్రంలో సూది పెట్టడం కూడా అంతే ప్రమాదం. కొన్ని సెట్లకు బ్యాటరీ వెనుక గాలి ఆడేందుకు సన్నటి పొరతో మూసిన రంధ్రం ఉంటుంది, దాన్ని మురికి అనుకుని పొడిచేవాళ్లున్నారు. అది చిరిగితే ఆ సెట్టు ఇక నీళ్లకు ఆగదు.

శుభ్రం చేసే క్రమం పెద్ద విద్యేమీ కాదు. సెట్టు ఆపి, బ్యాటరీ, యాంటెన్నా, క్లిప్ విప్పి, జాక్ మూత గట్టిగా నొక్కి పెట్టాలి. పొడి దుమ్ము దులపాలి. సబ్బు నీళ్లు గుడ్డకే అద్దాలి గానీ సెట్టు మీద పోయకూడదు. నీళ్లకు తట్టుకుంటుందని రాసి ఉన్న సెట్టయినా సరే, ఆ మాట కొత్త రబ్బరుతో కొత్త సెట్టుకు చెప్పింది, నాలుగేళ్లు వాడినదానికి కాదు. సందుల్లోకి మెత్తటి పళ్ల బ్రష్షు. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఈ చివరి మెట్టును అందరూ వదిలేస్తారు. సబ్బు బాడీ మీది సన్నటి గరుకులో ఎండిపోయి తెల్లటి చారలుగా తేలుతుంది, అది చూసి ‘రంగు పోయింది’ అని నూనె పూస్తారు. బ్యాటరీ కాంటాక్టులకు ఆల్కహాలు అద్దిన దూదిపుల్ల చాలు. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పైనున్న పలుచటి బంగారు పూత పోతుంది. నాబ్ మీది అంకెలు, వెనుక స్టిక్కర్ మీది అచ్చు ఆల్కహాలుకు చెరిగిపోవచ్చు, వాటిని దాటేసి తుడవాలి.

ఇక మెరుపు దగ్గరికి వద్దాం. చాలా సెట్ల బాడీ అసలు మెరవడానికి చేసింది కాదు. అచ్చు లోపలి ఉక్కు గోడల మీదే సన్నటి గరుకు తెస్తారు, అదే ప్లాస్టిక్ మీదికి దిగుతుంది. దీనివల్ల చెమట చేతిలో సెట్టు జారదు, వేలిముద్రలు కనబడవు, ఎండలో కళ్లలోకి తళుక్కుమనదు. కొత్త సెట్టు పెట్టెలోంచి తీసినప్పుడు మసక నలుపులో ఉంటుంది. మనం కొత్తదనం అనుకుని తెచ్చే నిగనిగ దానికి ఎన్నడూ లేదు.

అయితే పాత సెట్టు తెల్లబారినట్టు ఎందుకుంటుంది? పాలంపేట రామప్ప గుడిలో ఇది కళ్లకు కడుతుంది. 1213 నాటి ఆ గుడిలో నల్లరాతిని నునుపు చేసిన చోట చిక్కటి నలుపు, ఉలి గరుకు మిగిలిన చోట బూడిద రంగు. రాయి అదే. నునుపు చోట వెలుగు ఒకే దిక్కుకు తిరిగి పోతుంది, గరుకు చోట అన్ని వైపులా చెదిరి మన కంటికీ కొంత చేరుతుంది, ఆ చెదిరిన వెలుగు నలుపు మీద తెల్లదనంలా కలుస్తుంది. ప్లాస్టిక్ మీద సన్న గీతలు, ఎండకు చితికిన పైపొర, గరుకులో ఎండిన సబ్బు అన్నీ ఇలాగే వెలుగును చెదరగొడతాయి. నల్ల ప్లాస్టిక్‌లో కలిపే కార్బన్ బ్లాక్ అనే మసిపొడి ఎండ తాకిడిని చాలావరకు ఆపుతుంది కాబట్టి లోపలి నలుపు అలాగే ఉంటుంది. పాడయ్యేది పై పొరే.

నూనె చేసే మాయ కూడా ఇప్పుడు అర్థమవుతుంది. గాలి వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1, ఈ ప్లాస్టిక్‌లది 1.5 నుంచి 1.6 మధ్య, కొబ్బరినూనెది 1.45 దగ్గర. నూనె గరుకులోని గాలిని తోసి గుంతలు నింపగానే వెలుగుకు నూనె, ప్లాస్టిక్ దాదాపు ఒకటైపోతాయి, చెదరడం తగ్గి నలుపు తేలుతుంది. బాగైంది ఏమీ లేదు. నూనె తుడిచిపోగానే తెల్లదనం మళ్లీ వస్తుంది, ఈసారి నూనె పట్టిన దుమ్ముతో కలిసి. కారు డ్యాష్‌బోర్డుకు కొట్టే సిలికోన్ పాలిష్ కొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ దానితో చిక్కులు ఎక్కువ. పట్టు జారుతుంది. సన్నటి పొరగా పాకి చార్జింగ్ కాంటాక్టుల మీదికి చేరితే కరెంటుకు అడ్డుపడుతుంది. తర్వాత ఏ స్టిక్కరూ అంటదు. డ్యూటీలో ఉండే సెట్టుకు సిలికోన్ పాలిష్ కొట్టకూడదని నేను గట్టిగా చెబుతాను.

నూనె పూసే ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి బాగా కడిగి ఆరబెట్టాక తెల్లదనం పోతే అది మురికి. కడిగినా ఉండి, తడిపినప్పుడు నల్లబడి, ఆరగానే తిరిగి తెల్లబడితే పైపొర పాడైందన్నమాట. మొదటిదానికి మళ్లీ ఒకసారి కడగడమే మందు. రెండోదానికి శాశ్వతమైన మందు లేదు. వేడి గాలి కొట్టే హీట్ గన్ పెట్టి నల్లబరిచే పద్ధతి ఒకటి తిరుగుతోంది. ఏబీఎస్ దాదాపు నూరు డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆ గన్ గాలి అంతకన్నా చాలా ఎక్కువ వేడి. పైపొర నల్లబడేలోపు బ్యాటరీ లాక్ వంకరపోతుంది, రబ్బరు కూర్చునే గాడి మారిపోతుంది.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. బొటనవేలు ఆనే చోట, అరచేయి పట్టే చోట బాడీ దానంతటదే మెరుస్తుంటుంది. అక్కడ గరుకు అరిగిపోయింది. దాన్ని తిరిగి తేలేం. మిగతా బాడీని కూడా పాలిష్ చేసి దానితో సమానం చేయాలనే ఆలోచన వస్తుంది, ఆ పని చేయకండి. ఆ మెరుపు ఆ సెట్టు పనిచేసిన గుర్తు, అలా ఉండటంలో చిన్నతనం లేదు.

పాలిష్‌కు చోటు ఉన్నది ఒక్క డిస్‌ప్లే అద్దం దగ్గరే. అది పారదర్శకంగా, నునుపుగా ఉండాల్సిన భాగం. ప్లాస్టిక్‌ల కోసం అమ్మే సన్నటి పాలిష్‌తో పైపై గీతలు పోతాయి. అయితే అది యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ కావచ్చు, యాక్రిలిక్‌కు ఆల్కహాలు తగిలితే లోపల సాలెగూడు లాంటి నెర్రెలు వస్తాయి. కాబట్టి బాడీకి ఆల్కహాలు వాడినా అద్దాన్ని సబ్బు నీళ్లకే వదిలేయాలి. పైన గట్టి పూత ఉన్న అద్దాన్ని పాలిష్ చేస్తే పూత లేచిపోతుంది, గీతలు ఇంకా తొందరగా పడతాయి.

కొన్ని సెట్లకు పట్టుకుంటే వెల్వెట్‌లా ఉండే మెత్తటి పూత వేస్తారు. నాలుగైదేళ్లకు అది జిగటగా మారుతుంది. ఎంత కడిగినా జిగట పోదు, ఎందుకంటే అది మురికి కాదు. గాలిలోని తేమ ఆ పాలీయురేథేన్ పూతను విడగొట్టింది. వానాకాలంలో బీరువాలో మూసి పెట్టిన సెట్లకు ఇది ఎక్కువ. దాన్ని నిలుపుకోవాలని చూడటం వృథా. ఆల్కహాలు గుడ్డతో ఓపికగా, కొంచెం కొంచెం చోటు చొప్పున ఆ పూతను పూర్తిగా తీసేస్తే కింద మామూలు గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, అది వాడకానికి బాగానే ఉంటుంది.

బాడీ పూర్తిగా చితికిపోతే కొత్త బాడీ వేయించడమే దారి. ఎక్కువగా వాడే మోడళ్లకు విడి బాడీలు దొరుకుతాయి. మార్చేటప్పుడు రబ్బరు సీలును కూడా కొత్తదే వేయించాలి. పాత సీలుతో బిగించిన బాడీ నీళ్లకు ఆగుతుందని నమ్మలేం. భూగర్భ గనుల్లో గ్యాసు ఉండే చోటికి తీసుకెళ్లే సెట్లకు మాత్రం ఇది వర్తించదు. నిప్పురవ్వ పుట్టకుండా ప్రత్యేకంగా తయారుచేసి అనుమతి పొందిన సెట్టును బయటి మెకానిక్ విప్పితే ఆ అనుమతి చెల్లదు, బాడీ ఎంత బాగా కనిపించినా సరే. అలాంటి సెట్టును గ్యాసు ఉన్న చోట పొడి గుడ్డతో రుద్దడం కూడా వద్దు. రుద్దితే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పుడుతుంది. పైకి వచ్చాక తడి గుడ్డతో తుడవాలి, బ్యాటరీ విప్పడం కూడా పైనే. మామూలు సెట్టుకైనా బాడీ మార్పించే ముందు వెనుక లేబుల్ మీది మోడలు, సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. లైసెన్సు కాగితాల్లో ఉండేది ఆ నంబరే, పాత బాడీతో పాటు అది చెత్తలోకి పోతే సెట్టు ఎవరిదో చూపించడం కష్టమవుతుంది.